డబ్బు పెట్టినవాళ్లతో హెన్రీ ఫోర్డ్ పేచీ

1903లో రోసెట్టా కజెన్స్ అనే స్కూలు టీచర్ దగ్గర కాస్త దాచుకున్న సొమ్ము ఉండేది. ఆమె సోదరుడు జేమ్స్ కజెన్స్ ఒక బొగ్గు వ్యాపారి దగ్గర లెక్కలు చూసేవాడు. కొత్తగా పెడుతున్న కార్ల కంపెనీలో వాటా కొనడానికి అయినవాళ్ల దగ్గరల్లా డబ్బు అడుగుతున్నాడు. ఆ రోజుల్లో కార్ల కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టి అంతే తొందరగా పోయేవి. పైగా కారు తయారుచేసేవాడికి అప్పటికే రెండు కంపెనీల్లో దెబ్బతిన్న పేరుంది. రోసెట్టా ధైర్యం చేసి 100 డాలర్లు ఇచ్చింది. ఆ కంపెనీ ఫోర్డ్ మోటార్ కంపెనీ. పదహారేళ్ల తర్వాత ఆ ఒక్క వాటాకు ఆమె చేతికొచ్చింది రెండు లక్షల 62 వేల డాలర్లు. మధ్యలో వచ్చిన డివిడెండ్లు వేరే.

డబ్బు పెట్టినవాళ్ల వైపు నుంచి చూస్తే వ్యాపారంలో ఇంతకు మించిన విజయం ఏముంటుంది? కానీ హెన్రీ ఫోర్డ్ దృష్టిలో ఆ వాటాదారులంతా పనిచేయకుండా కూర్చుని తినేవాళ్లు. వాళ్లను వదిలించుకోవడానికి ఆయన ఏళ్ల తరబడి పోరాడాడు. చివరికి వదిలించుకున్నాడు కూడా.

ఫోర్డ్ 1863 జులై 30న మిషిగన్ రాష్ట్రంలో, ఇప్పటి డియర్‌బోర్న్ ఉన్నచోట, ఒక రైతు ఇంట్లో పుట్టాడు. తండ్రి విలియం ఐర్లాండ్ నుంచి వలసొచ్చినవాడు. పిల్లాడికి పొలం పనంటే పడేది కాదు. గడియారాలు విప్పి మళ్లీ బిగించడం అతని సరదా. పదమూడో ఏట తల్లి పోయింది. పదహారేళ్లకు డెట్రాయిట్ చేరి వర్క్‌షాపులో పనికి కుదిరాడు. 1891లో ఎడిసన్ కరెంటు కంపెనీలో ఇంజనీరయ్యాడు. రాత్రిళ్లు ఇంటి వెనక షెడ్డులో పెట్రోలు బండి తయారుచేసేవాడు. 1896 జూన్‌లో బండి తయారైంది గానీ షెడ్డు తలుపులోంచి పట్టలేదు. గొడ్డలి తీసుకుని గోడ పగలగొట్టి బండిని బయటికి తెచ్చాడు. తర్వాత జీవితమంతా ఆయన పద్ధతి దాదాపు ఇదే.

1899లో ఉద్యోగం మానేసి, కలప వ్యాపారి విలియం మర్ఫీ మొదలైన పెద్దల డబ్బుతో డెట్రాయిట్ ఆటోమొబైల్ కంపెనీ పెట్టాడు. డబ్బు పెట్టినవాళ్లకు అమ్మడానికి బండ్లు కావాలి. ఫోర్డ్‌కేమో బండి ఇంకా బాగుపడాలి. ఏదో ఒకటి మార్చుతూనే ఉండేవాడు, అమ్మకానికి మాత్రం పెద్దగా ఏదీ వచ్చేది కాదు. 1901 జనవరిలో ఆ కంపెనీ మూతపడింది.

ఆ ఏడాది అక్టోబరులో అప్పటి పేరున్న రేసర్ అలెగ్జాండర్ వింటన్‌ను ఓడించడంతో ఫోర్డ్ పేరు మళ్లీ మారుమోగింది. మర్ఫీ, మరికొందరు మళ్లీ డబ్బు తీశారు. ఈసారి హెన్రీ ఫోర్డ్ కంపెనీ అని ఆయన పేరే పెట్టారు. ఆయన మాత్రం అక్కడ కూర్చుని ఇంకో రేసు కారు మీద పడ్డాడు. ఓపిక నశించి వాళ్లు హెన్రీ లీలాండ్ అనే ఇంజనీరును సలహాకు పిలిచారు. ఫోర్డ్‌కు అది గిట్టలేదు. 1902 మార్చిలో 900 డాలర్లు, తన పేరు వాడుకునే హక్కు తీసుకుని బయటికొచ్చేశాడు. మిగిలిన కంపెనీకి కాడిలాక్ అని కొత్త పేరు పెట్టారు. లీలాండ్ చేతిలో అది బ్రహ్మాండంగా నడిచింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఫోర్డ్ మీద వచ్చిన చాలా కథల్లో ఆ పెట్టుబడిదారులను చూపులేని షావుకార్లుగా చూపిస్తారు. నిజానికి వాళ్లు రెండుసార్లు డబ్బు పెట్టారు, రెండేళ్లకు పైగా ఎదురుచూశారు, చివరికి సరైన మనిషిని పట్టుకుని కాడిలాక్‌ను నిలబెట్టారు. వాళ్ల లెక్క తప్పని అనలేం. వాళ్లు అడిగింది ఈ ఏడు అమ్ముకోదగిన కారు. ఫోర్డ్ మనసులో ఉన్నది ఇంకా పుట్టని కారు. ఇద్దరూ వాడిన మాట ఒక్కటే, కంపెనీ బాగుపడాలని. అర్థాలే వేరు.

మూడోసారి డబ్బు తెచ్చింది బొగ్గు వ్యాపారి అలెగ్జాండర్ మాల్కమ్‌సన్. 1903 జూన్ 16న ఫోర్డ్ మోటార్ కంపెనీ రిజిస్టరైంది. ఫోర్డ్‌కు, మాల్కమ్‌సన్‌కు చెరో 25.5 శాతం. మిగతాది ఒక బ్యాంకరు, ఇద్దరు లాయర్లు, ఒక మేస్త్రీ కాంట్రాక్టరు, ఇలా పదిమందికి పంచారు. ఇంజన్లు చేసిచ్చే డాడ్జ్ సోదరులు జాన్, హొరేస్‌లు తమకు రావలసిన సొమ్ముకు బదులు పది శాతం వాటా తీసుకున్నారు. చేతిలో పడ్డ నగదు 28 వేల డాలర్లే. నెల తిరక్కుండానే బ్యాంకులో 223 డాలర్లు మిగిలాయి. సరిగ్గా అప్పుడే షికాగో నుంచి ఒక పళ్ల డాక్టరు 850 డాలర్లు పంపి మొదటి కారు కొన్నాడు. అక్కణ్నుంచి వెనక్కి చూసుకోలేదు. ఏడాది కాస్త దాటేసరికే వాటాదారులకు పెట్టిన పెట్టుబడంత డబ్బు డివిడెండ్ల రూపంలో తిరిగొచ్చింది.

లాభం వచ్చాకే అసలు తగవు మొదలైంది. మాల్కమ్‌సన్ ఆలోచన ఆనాటి మార్కెట్‌కు తగ్గదే. కారు కొనేది డబ్బున్నవాళ్లు, కాబట్టి ఖరీదైన కారు చేసి ఒక్కో బండి మీద ఎక్కువ మిగుల్చుకోవాలి. ఆ పట్టుదలతోనే 2,800 డాలర్ల మోడల్ కె వచ్చింది. ఫోర్డ్ పట్టు దానికి ఎదురు. రైతు కొనుక్కోగలిగేంత చవకగా, ఒకే రకం, వేలల్లో చేయాలి. ఒక్కో బండి మీద తక్కువ మిగిలినా పర్వాలేదు.

వాదనతో మాల్కమ్‌సన్ లొంగలేదు. దాంతో ఫోర్డ్, కజెన్స్ కలిసి 1905లో విడిభాగాలు చేసే ఇంకో కంపెనీ పెట్టారు. అందులో మాల్కమ్‌సన్‌కు వాటా లేదు. మొదటి కంపెనీ లాభాలు విడిభాగాల ధర రూపంలో రెండో కంపెనీకి జారిపోయే ఏర్పాటన్నమాట. భాగస్వామికి చేయదగిన పని కాదిది. మాల్కమ్‌సన్ కూడా పోటీగా ఇంకో కార్ల కంపెనీ పెట్టి తన కేసు తనే పాడుచేసుకున్నాడు. 1906లో తన వాటా ఒక లక్షా 75 వేల డాలర్లకు ఫోర్డ్‌కు అమ్మి వెళ్లిపోయాడు. పదమూడేళ్లు ఆగివుంటే అదే వాటా కోట్లు పలికేది. కాంట్రాక్టరు ఆల్బర్ట్ స్ట్రెలోది ఇంకా పాపం. ఐదు వేలు పెట్టి, పాతిక వేలు రాగానే మంచి బేరం అనుకుని బయటపడ్డాడు. ఆ డబ్బు బంగారు గనిలో పెట్టి పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు ఫోర్డ్ చేతిలో 58.5 శాతం ఉంది. 1908 అక్టోబరులో మోడల్ టి వచ్చింది. ధర 850 డాలర్లు. మట్టిరోడ్ల మీద నడిచేది, ఊళ్లో కమ్మరి కూడా బాగుచేయగలిగేది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టారు. మనిషి బండి దగ్గరికి పోవడం కాదు, బండే మనిషి దగ్గరికి వస్తుంది. అంతకుముందు ఒక ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది, తర్వాత గంటా 33 నిమిషాలు. అయితే రోజంతా ఒకే మర బిగించే పని మనిషికి విసుగు పుట్టించింది. వచ్చినవాడు వచ్చినట్టే పోయేవాడు. 1914 జనవరి 5న ఫోర్డ్, కజెన్స్ కలిసి ఒక ప్రకటన చేశారు. రోజుకు రెండున్నర డాలర్ల లోపున్న కూలి ఐదు డాలర్లవుతుంది, పని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గుతుంది. మర్నాటి నుంచి గేటు ముందు ఎముకలు కొరికే చలిలో వేలమంది.

దీన్ని దానధర్మంగా చూసినవాళ్లున్నారు, పిచ్చిపనిగా చూసినవాళ్లూ ఉన్నారు. లెక్క చూస్తే పనివాళ్లు మానేయడం తగ్గింది, ఉత్పత్తి పెరిగింది, లాభాలూ పెరిగాయి. దానికి షరతులు కూడా ఉన్నాయి. కంపెనీ మనుషులు ఇళ్లకొచ్చి పనివాడు తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసి మరీ పూర్తి కూలి ఇచ్చేవాళ్లు. అయినా ఆ ఐదు డాలర్ల కబురు సముద్రాలు దాటింది. అప్పట్లో ఉస్మానియా సుల్తానుల ఏలుబడిలో ఉన్న సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి, యెమెన్ నుంచి వచ్చిన ముస్లిం కార్మికులు ఆ ఫ్యాక్టరీ చుట్టూ స్థిరపడ్డారు. అమెరికాలోని తొలి మసీదుల్లో ఒకటి 1921లో హైలాండ్ పార్క్‌లోనే కట్టారు. తర్వాత పని రూజ్ ఫ్యాక్టరీకి మారడంతో కుటుంబాలు డియర్‌బోర్న్‌కు మారాయి. ఇవాళ అజాన్ వినిపించే డియర్‌బోర్న్‌కు పునాది ఆ కూలి డబ్బే. ఆ చుట్టుపక్కల ఇప్పుడు హైదరాబాదీ కుటుంబాలు కూడా ఉన్నాయి.

1916 నాటికి కంపెనీ లాభం ఏడాదికి దాదాపు 6 కోట్ల డాలర్లు. అంతకుముందు కొన్నేళ్లలో వాటాదారులకు మామూలు డివిడెండ్ కాక నాలుగు కోట్లకు పైగా ప్రత్యేక డివిడెండ్లు ముట్టాయి. ఆ ఏడు ఫోర్డ్ ఒక్కసారిగా ప్రత్యేక డివిడెండ్ ఆపేశాడు. మామూలుగా ఇచ్చే ఏడాదికి 12 లక్షలు తప్ప ఇక ఏమీ ఉండదు. మిగిలిన డబ్బుతో రూజ్ నది ఒడ్డున ఇనుము కరిగించే కొలిమిలతో సహా కొత్త ఫ్యాక్టరీ కడతాడు. దాని మీద కారు ధర 440 డాలర్ల నుంచి 360కి దించుతాడు. ఏడాదికి ఐదు లక్షల దాకా బండ్లు అమ్ముకుంటున్న కంపెనీ, చేసినవన్నీ అమ్ముడుపోతున్న కంపెనీ, బండికి 80 డాలర్లు వదులుకుంటే నాలుగు కోట్ల దాకా చేజారినట్టే.

డాడ్జ్ సోదరులకు ఒళ్లు మండింది. వాళ్లు 1914లోనే సొంత కారు మొదలుపెట్టారు. ఆ ఫ్యాక్టరీకి ఫోర్డ్ డివిడెండ్లే ఇంధనం. ఫోర్డ్‌కు ఆ సంగతి తెలుసు. తన లాభంతో తనకే పోటీ పెట్టడం ఆయనకు నచ్చుతుందా? డివిడెండ్ ఆపడంలో పేదవాడికి చవక కారు అన్న ఆశయం ఎంతో, డాడ్జ్‌ల కాళ్ల కింద నేల లాగడమూ అంతే. 1916 నవంబరు 1న ఫోర్డ్ ఒక్కగానొక్క కొడుకు ఎడ్సెల్ పెళ్లి జరిగింది. డాడ్జ్‌లు వచ్చి విందు తిన్నారు. మర్నాడే కోర్టులో దావా వేశారు.

సాక్షి బోనులో ఫోర్డ్ తీరు విచిత్రంగా ఉంది. ధర తగ్గిస్తే అమ్మకం పెరుగుతుంది, రేపు లాభం ఇంకా ఎక్కువొస్తుంది అని చెప్పివుంటే సరిపోయేది. ఆ మాట నిజం కూడా. అలా చెప్పకుండా, ఇప్పటికే మితిమీరిన లాభాలు వచ్చాయని, కంపెనీ ఉన్నది అందరికీ పని, చవక కారు ఇవ్వడానికని, డబ్బు దానంతటదే వెనకాల వస్తుందని వాదించాడు. వాటాదారులకు పెట్టినదానికి ఎన్నో రెట్లు ముట్టింది, ఇక చాలు అన్నది ఆయన ధోరణి. డాడ్జ్‌ల లాయరుకు కావలసింది అదే. నీ సొంత డబ్బుతో ఎంత పుణ్యమైనా చేసుకో, ఇతరుల వాటాతో చేయడానికి నువ్వెవరు అన్నది ఆయన వాదన సారాంశం.

1919 ఫిబ్రవరి 7న మిషిగన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వ్యాపార కంపెనీ ముఖ్యంగా వాటాదారుల లాభం కోసమే నడవాలి, డైరెక్టర్లు ఆ లక్ష్యాన్ని పక్కనపెట్టి ఇతరుల మేలు కోసం కంపెనీని వాడకూడదు. కోటి 93 లక్షల డాలర్ల ప్రత్యేక డివిడెండ్ కట్టాల్సిందే. కానీ ఫ్యాక్టరీ కట్టాలా వద్దా అన్నది మాత్రం జడ్జీల పని కాదని, రూజ్ నిర్మాణాన్ని ఆపలేదు. అమెరికా లా కాలేజీల్లో ఈ తీర్పు ఇప్పటికీ పాఠం చెబుతారు. తమాషా ఏంటంటే, ఆ డివిడెండ్‌లో సగానికి పైగా ఫోర్డ్ జేబులోకే వచ్చింది. 58.5 శాతం ఆయనదే కదా.

డబ్బు సంగతి పక్కన పెడితే, తన కంపెనీని ఎలా నడపాలో ఇంకొకరు చెప్పడం ఆయన సహించలేకపోయాడు. తీర్పు రాకముందే అధ్యక్ష పదవి కొడుక్కి ఇచ్చేసి కాలిఫోర్నియా వెళ్లాడు. మార్చిలో పత్రికల్లో ఒక వార్త పొక్కింది. ఫోర్డ్ కొత్త కంపెనీ పెట్టి మోడల్ టి కంటే చవక కారు చేస్తాడట. పాత కంపెనీ ఏమవుతుందో ఆయనకు పట్టదట. వాటాదారుల గుండెల్లో రాయి పడింది. ఆయన లేని ఫోర్డ్ కంపెనీ షేరు ఎవడికి కావాలి? ఈలోగా బేరగాళ్లు ఒక్కొక్కరి గుమ్మం తొక్కారు.

1919 జులైకి అందరూ అమ్మేశారు. షేరుకు 12,500 డాలర్లు. కజెన్స్ ఒక్కడే గట్టిగా నిలబడి 13,000 తీసుకున్నాడు, మొత్తం మూడు కోట్లకు కాస్త తక్కువ. ఐదేసి వేలు పెట్టిన ఇద్దరు లాయర్లకు కోటీ పాతిక లక్షల చొప్పున ముట్టాయి. డాడ్జ్‌లకు రెండున్నర కోట్లు. పాపం, ఆ అన్నదమ్ములిద్దరూ మరుసటి ఏడే చనిపోయారు. కజెన్స్ తర్వాత డెట్రాయిట్ మేయరు, సెనేటరు అయ్యాడు. పిల్లల కోసం కోటి డాలర్లతో నిధి పెట్టాడు. కూర్చుని తినేవాళ్లని ఫోర్డ్ ఈసడించిన గుంపులోంచి ఇలాంటివాడూ వచ్చాడు.

మొత్తం పది కోట్ల 50 లక్షల పైచిలుకు ఖర్చయింది. అందుకు ఫోర్డ్ బ్యాంకుల దగ్గర అప్పు చేశాడు. వాటాదారుల పీడ పోయి బాకీవాళ్లు వచ్చారన్నమాట. 1920 చివర్లో మార్కెట్ కూలింది, అప్పు గడువు ముంచుకొచ్చింది. బ్యాంకర్లను గడప తొక్కనివ్వకుండా ఆయన ఇంకో దారి వెతికాడు. డీలర్లు అడగని కార్లు కూడా రైలెక్కించి పంపి, నగదు కట్టమన్నాడు. కట్టకపోతే డీలర్‌షిప్ పోతుంది. చిన్న చిన్న ఊళ్ల డీలర్లు తమ ఊరి బ్యాంకుల్లో అప్పు తెచ్చి కట్టారు. ఫోర్డ్ అప్పు తీరింది. పేదవాడి కారు గురించి కోర్టులో అంత చెప్పిన మనిషి, తన స్వాతంత్ర్యం ఖరీదు వాళ్ల నెత్తిన వేశాడు.

ఇక కంపెనీ తండ్రి, తల్లి, కొడుకు ముగ్గురిదే. అడ్డు చెప్పేవాడు లేడు. అప్పుడు అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా ఫోర్డ్‌వే. కానీ కాలం మారుతోంది. జనం చవక ఒక్కటే చూడడం మానేశారు. రంగులు, సౌకర్యం, వాయిదాల పద్ధతి కోరుకుంటున్నారు. జనరల్ మోటార్స్ షెవ్రొలేతో అవన్నీ ఇచ్చింది. షెవ్రొలేను నడిపించిన విలియం నూడ్సెన్ ఫోర్డ్ దగ్గర పనిచేసి 1921లో బయటికొచ్చినవాడే. ఎడ్సెల్ కొత్త మోడల్ కావాలని మొత్తుకున్నాడు. తండ్రి వినలేదు, నలుగురిలో చిన్నబుచ్చాడు కూడా. చివరికి 1927 మేలో, కోటిన్నర బండ్ల తర్వాత, మోడల్ టి ఆపక తప్పలేదు. దాని స్థానంలో ఏం చేయాలో అప్పటికి సిద్ధంగా లేదు. నెలల తరబడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలమంది రోడ్డున పడ్డారు. డిసెంబరులో మోడల్ ఎ వచ్చి బాగానే అమ్ముడైంది గానీ పాత ఆధిపత్యం మళ్లీ రాలేదు. బోర్డులో డాడ్జ్ లాంటి నోరున్న వాటాదారు ఒక్కడున్నా మోడల్ టి అన్నేళ్లు సాగేది కాదేమో.

అడ్డులేని అధికారం మిగతా చోట్ల ఇంకా చెడ్డగా పనిచేసింది. 1920 నుంచి ఆయన పత్రిక డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ యూదుల మీద ఏళ్ల తరబడి విషం కక్కింది. దేశంలో కష్టాలన్నిటికీ ఒక మతంవాళ్లను దోషులుగా చూపించే ఆ రాతలను డీలర్ల చేత కూడా పంచిపెట్టించాడు. కోర్టు కేసు మీదికొచ్చాక 1927లో క్షమాపణ చెప్పాడు. 1938లో హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని మాత్రం అందుకున్నాడు. 1932 మార్చిలో పని కోసం ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగుల మీద రూజ్ గేటు దగ్గర పోలీసులు, కంపెనీ మనుషులు కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే చనిపోయారు, తర్వాత ఇంకొకరు. ఐదు డాలర్ల కూలి ప్రకటించిన మనిషి కార్మిక సంఘాన్ని 1941 దాకా గుమ్మంలోకి రానివ్వలేదు.

1943లో ఎడ్సెల్ 49 ఏళ్లకే జబ్బుతో పోయాడు. ఎనభై ఏళ్ల ముసలాయన మళ్లీ అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. జ్ఞాపకశక్తి తగ్గింది, లెక్కలు అస్తవ్యస్తం, కంపెనీ నష్టాల్లోకి జారింది. 1945లో ఇంటి ఆడవాళ్లే, అంటే భార్య క్లారా, కోడలు ఎలినార్, పట్టుబట్టి మనవడు రెండో హెన్రీకి పగ్గాలు ఇప్పించారు. తన వాటా అమ్మేస్తానని కోడలు బెదిరించాకే ఆయన దిగొచ్చాడంటారు. వాటాదారుల మాట వినక తప్పని రోజు ఇంట్లోనే వచ్చింది.

1947 ఏప్రిల్ 7న రూజ్ నదికి వరదొచ్చి ఫెయిర్ లేన్ బంగళాలో కరెంటు పోయింది. ఆ రాత్రి కొవ్వొత్తులు, కిరసనాయిలు దీపాల వెలుతురులో, కరెంటు లేని కాలంలో పుట్టినవాడు అలాగే కన్నుమూశాడు. వయసు 83.

వారసత్వ పన్ను నుంచి కంపెనీని కాపాడుకోవడానికి షేర్లలో ఎక్కువ భాగాన్ని కుటుంబం ముందే ఫోర్డ్ ఫౌండేషన్ పేర రాసింది. ఆ ఫౌండేషన్ అమెరికా బయట తెరిచిన మొదటి ఆఫీసు ఢిల్లీలోనే, 1952లో. ఇతర పనులకు డబ్బు కావాలని ఫౌండేషన్ 1956 జనవరిలో తన షేర్లలో కోటికి పైగా బజారులో పెట్టింది. ఒక్కోటి 64 డాలర్ల 50 సెంట్లు. టీచర్లు, గుమస్తాలు, చిన్న దుకాణదార్లు బారులు తీరి కొనుక్కున్నారు.